నూకాలప్ప చేని గట్టున నా సంతకం

మంగళవారం, పొద్దున్న సరిగ్గా పది గంటలు. ఆషాఢం. రెండు వానలు పడి నేల మెత్తబడింది. బలిఘట్టం పోయే దారిపక్క మా మెట్టచేని గట్టు మీద నా మొదటి సంతకం పెట్టాను. అప్పటికి నాకు నలభై దగ్గర పడ్డాయి. ఇప్పుడు కూడా జామాయిల్ దుంగల లారీ పక్కనుంచి పోతే, నలిగిన ఆకు ఘాటు ముక్కుకు తగలగానే ఆ గట్టే గుర్తొస్తుంది. ఆ వాసన జలుబుకు మంచిదంటారు. నాకు మాత్రం మంచిది కాదు.

నాకు అక్షరాలు నేర్పింది నూకాలప్ప. చుట్టం కాదు, ఆమె చేను మా చేని పక్కనే గనక అక్క వరసై అప్ప అయింది. మొగుడు పోయాక ఆ ఎకరం మెట్టలో ఒంటిచేత్తో చోళ్ళు, అంటే రాగులు, పండించేది. ఆ రోజుల్లో నర్సీపట్నం చుట్టుపక్కల మెట్టలన్నీ చోడిచేలే, ఇళ్ళన్నిటా అంబలే. ఆమె చిన్నప్పుడు నాలుగో తరగతి చదివింది. నాకు బడి తెలీదు. ఓసారి పాయకరావుపేట వెళ్ళాల్సినవాణ్ణి, బోర్డు చదవలేక చోడవరం బస్సెక్కి సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అప్ప కలుపు తీయడం ఆపి నవ్వింది.

"ఎద్దుకైనా దాని సాల తెలుస్తాది కదరా అప్పలసామీ!"

మర్నాడు చేటలో చోళ్ళు పోసుకొచ్చి నా ముందు పెట్టింది. "గొప్పోళ్ళ పిల్లలకి బియ్యంలో దిద్దిత్తారు. మన కొంపలో బియ్యమెక్కడివి? సోళ్ళలో దిద్దు. అచ్చరానికి తెలీదులే."

చోళ్ళు ఆవగింజంత, గుండ్రం. అ రాసి వేలు తీసేలోగా జారి మూసుకుపోయేవి. "బేగి రాయి, గట్టిగా రాయి," అనేది. రెండేళ్ళు అలా, కలుపుకూ కలుపుకూ మధ్య, రాయడం వచ్చింది.

ఆ రాతే నాకు ఉద్యోగం తెచ్చింది. టౌన్లో కలప డిపో గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పని. అదే ఏడు తమ్ముడు సన్నిబాబు చెరుకు నరకడానికి కూలికి పోయాడు. చేనుకు మిగిలింది నా భార్య పైడితల్లి ఒక్కతే. నేల ఎందుకు మారుతుందో చదువుకున్నవాళ్ళు ఏవేవో చెబుతారు. నేను చూసింది ఇంతే: చోడిచేను మనుషుల్ని అడుగుతుంది. నారు పొయ్యాలి, ఊడ్చాలి, రెండుసార్లు కలుపు తియ్యాలి. ఇంట్లో మొగాడు నెలజీతానికి వెళ్ళాడా, మనుషులక్కర్లేని పంట వెతుక్కుంటాడు.

డిపో గుమస్తా మూర్తిగారు ఆ పంట చూపించారు. "జామాయిల్ వేసి మరిచిపో. కలుపులేదు, కాపలాలేదు, మేకయినా ముట్టదు. నరికే వేళకి మేమే వస్తాం."

ఒప్పందం కాగితం, మొక్కల తట్టలు ఆ మంగళవారమే వచ్చాయి. చెరుకు పని లేని రోజులు గనక ఇంటికొచ్చి ఉన్న సన్నిబాబు తట్టలు దించాడు. ఆషాఢ మంగళవారం ఏటి మంచిదని పైడితల్లి సణిగింది. మూర్తిగారు అలవాటుకొద్దీ సిరా పెట్టె తీస్తే, "వేలిముద్ర కాదండీ, సంతకం" అన్నాను. అని, పక్కచేలోంచి అప్పను పిలుచుకొచ్చాను. నేర్పిన మనిషి చూడకుండా మొదటి సంతకం ఎలా పెడతాను? మట్టిచేతులతోనే వచ్చింది. కాళ్ళకు దండం పెట్టి పేరు రాశాను. ఒక్కో అక్షరానికీ ఆమె పెదాలు కదిలాయి.

"స కింద వ వత్తు మరిసిపోనేదు! అబ్బో!" కళ్ళు తుడుచుకుంది. అప్పుడు చూసింది తట్టలు. "ఏటిరా ఇది? దేనికెట్టావు సంతకం?"

"జామాయిలప్పా."

తట్టలోంచి ఒక మొక్క తీసి వేరు తడిమింది. "అయితే గట్టుకి పది బారలు ఒగ్గి నాటించు. దాని ఏరు నీ మాట ఇనదు."

మూర్తిగారు నవ్వారు. "పది బారలు వదిలితే ఇంక చేనేం మిగులుతుందమ్మా?"

"పెద్దామె మాట ఇంటే ఏటి పోద్దయ్యా?" అంది పైడితల్లి.

నేను మూర్తిగారి మొహం చూశాను. ఉద్యోగం ఇప్పించినాయన. "డూటీకి టైమైపోతంది అప్పా," అన్నాను. అదే నా జవాబు.

మూడో ఏటికి గట్టువార ఆమె చోళ్ళు జానెడెత్తున ఎర్రబడి నిలిచిపోయాయి. మరుసటేడు సగం చేను. ఆమె తగువుకు రాలేదు. వస్తే బాగుండేది.

ఒక మధ్యాహ్నం డిపో గేటు దగ్గరకొచ్చింది. కళ్ళకు శుక్లాలు. చేతిలో కాగితం. "సదువు. నువ్వే సదవాల."

ఆమె చేనులో జామాయిల్ వెయ్యడానికి ఒప్పందం. చివరిదాకా చదివి వినిపించాను. "వద్దప్పా," అన్నాను.

"ఒద్దంటే? నీ సెట్ల నీడలో సోళ్ళు పండుతాయేటి?"

చోటు వేలితో తడుముకుని సంతకం పెట్టింది. వెళ్తూ నా బల్ల మీద ఒక మూట పెట్టింది. పొయ్యి మీద వేలాడదీసి దాచిన చోడి విత్తనం. "నాకింక పనినేదు. దాసుకో."

దాచాను. ఆమె పోయాక, మా జామాయిల్ మొదళ్ళు పెకలించాక, చల్లాను. ఒక్కటీ మొలవలేదు.

ఇప్పటికీ ఏ పేరు రాయాలన్నా ముందు వేలితో బల్ల మీద దిద్దుకుంటాను, చోళ్ళు లేకుండానే. ఆ మంగళవారం గట్టు మీద ఉన్నవాళ్ళ పేర్లు కూడా అలాగే దిద్దుకుని రాస్తున్నాను. కాగితం పట్టుకున్న మూర్తిగారు. తట్టలు దించిన సన్నిబాబు. ఒక్క మాట అడ్డం చెప్పిన పైడితల్లి. నా వత్తు సరిచూసిన నూకాలప్ప. గట్టుకు మూరెడైనా వదలని అప్పలస్వామి.