జాడీ మీద సోమవారం

ద్రాక్ష పందిరి ఇనప తీగ గుచ్చుకుని వచ్చిన రైతు ఆయన. లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర తోట. తెగిన తీగ ముక్క, తుప్పు పట్టినది, చెప్పులోంచి దూరి కుడి పాదంలో దిగింది. మా ఆసుపత్రి మేడ్చల్ రోడ్డు మీద ఉండేది, చిన్నది. నేను అక్కడ ల్యాబ్ ఇన్‌ఛార్జిని. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. కొంపల్లిలో మా కాలనీకి ఇంకా తారు రోడ్డు పడలేదు. కోస్తా నుంచి వచ్చి పదేళ్లయినా నేను ఇక్కడి మాటను, ఇక్కడి మనుషులను కాస్త కిందికే చూసేవాణ్ని. జరిగినదానికి ఆ చూపు కూడా ఒక కారణం.

మొదటి రోజు ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"సారూ, గిదేం పెద్ద గాయం? తోటకు కొట్టే మందులన్ని గిన్నేండ్ల సంది నా ముక్కులకే వోయినయ్. నా నెత్తురు తాగితే పురుగులే సస్తయ్."

పక్కనున్న భార్య కసిరింది. "సాలు తీ నీ ముచ్చట్లు. కాలు సక్కగ వెట్టు."

గాయం శుభ్రంగా ఉంది. సర్జన్ మూడు రోజులు ఉంచుదామన్నాడు. మూడు రోజులు పదయ్యాయి. పాదం ఉబ్బింది, కట్టు మీద ఆకుపచ్చ మరక తేలింది. చీము తీసుకోవడానికి నేను వెళ్తే ఆయన తన కాలి వంక అనుమానంగా చూస్తున్నాడు.

"సారూ, గమ్మత్తు జూడు. నా కాలు పండిన ద్రాక్ష వాసనొస్తాంది."

నిజమే. ఆకుపచ్చ చీము పుట్టించే బ్యాక్టీరియాకు ఆ తీపి వాసన ఉంటుంది. ద్రాక్ష పండించేవాడు కాబట్టి నాకంటే ముందే పట్టుకున్నాడు.

ల్యాబులో చీమును గాజు పళ్లెంలో పెంచి, పైన యాంటీబయాటిక్ బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా చచ్చి ఖాళీ వలయం ఏర్పడుతుంది. మర్నాడు మూత తీసి చూశాను. ఒక్క బిళ్ల చుట్టూ కూడా వలయం లేదు. పళ్లెం అంతా ఆకుపచ్చని పొర పరుచుకుని ఉంది. పళ్లెం చేత్తో పట్టుకునే వార్డులోకి వెళ్లాను.

"ఊళ్లో ఏం వాడావు? ఎవరి దగ్గర బిళ్లలు మింగావు?"

"ఏం వాడలే సారూ. గాయమైన గంటకే గీడికొచ్చిన."

"పసరేదైనా పెట్టారా?"

"పసుపు గూడ వెట్టనియ్యలే నేను," అంది భార్య.

నమ్మలేదు. నా కంటే పెద్దవాణ్ని పట్టుకుని "అందరూ ఇలాగే అంటారు" అన్నాను. రిపోర్టు కింద "రోగి ముందే సొంత వైద్యం చేసుకున్నాడు" అని రాశాను. ఎవరూ రాయమనలేదు. ఆ వాక్యం చదివి సర్జన్ ఆ దంపతులను వార్డులోనే కేకలేశాడు. కొడుకును చూడటానికి వచ్చిన అత్తగారు అది విన్నది.

అదే వారం నగరంలోని ఒక పరిశోధన సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మందులకు లొంగని బ్యాక్టీరియాను ఆసుపత్రి రోగుల నుంచి సేకరించి, వాటి జన్యువులను పోల్చి చూడటం ఆమె పని. అప్పటికి ఇలాంటి చీమే మా దగ్గర, ఆ రైతుతో కలిపి, ఏడుగురిలో కనబడింది. అన్నీ ఇచ్చాను. ఊళ్ల నుంచి ఎలా మోసుకొస్తున్నారో మీ పరీక్షలో తేలుతుంది చూడండి అని కూడా చెప్పాను. ఆమె కుళాయి, ట్రాలీ, మంచాల అంచులు దూదిపుల్లతో తుడిచి గొట్టాల్లో వేసుకుంది. చివరికి డ్రెస్సింగ్ గదిలో, పుండ్లు కడిగే లోషన్ జాడీ దగ్గర ఆగింది.

"అందులో ఏముంటుందమ్మా? అది క్రిములను చంపే మందు," అని నవ్వాను.

"లేకపోతే ఇంకా మంచిది కదా సార్," అని కొంచెం లోషన్ తీసుకుంది.

ఆ జాడీకి ఒక నియమం ఉంది. సోమవారం సోమవారం మిగిలిన లోషన్ పారబోసి, జాడీ మరగబెట్టి, కొత్త మందు కలిపి, ప్లాస్టరు ముక్క మీద తేదీ రాసి అంటించాలి. అది పాత హెడ్ నర్సు పెట్టిన పద్ధతి. ఆమె రిటైరయ్యాక ఆ పని నా మీద పడింది. మొదట కొన్ని వారాలు చేశాను. తర్వాత అడుగున మిగిలినదాని మీదే కొత్తది పోసి, తేదీ మాత్రం మార్చేవాణ్ని. మందు పాడవుతుందా అనుకున్నాను. అలా రెండేళ్లు. ప్రతి సోమవారం తేదీ మాత్రం చక్కటి దస్తూరీతో రాశాను.

ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది ఒక మంగళవారం. ఆ రోజుకే రైతు పాదం సంగతి తేలిపోయింది. ఏ మందూ పనిచేయడం లేదు, పైకి పాకేలోపు పాదం తీసేయాలని సర్జన్ గురువారం పొద్దున్నకు నిర్ణయించాడు. భార్య ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసేసింది.

అమ్మాయి నా బల్ల మీద ఒక ఫోటో పెట్టింది. నల్లటి నేల మీద తెల్లటి గీతలు, నిచ్చెన మెట్లలా. ఒక్కో నిలువు వరస ఒక్కో బ్యాక్టీరియాది. దాని డీఎన్ఏను ముక్కలు చేసి జెల్లీలాంటి పదార్థంలో కరెంటుతో నడిపిస్తే ఇలా వస్తుందని, వేరు వేరు చోట్ల నుంచి వచ్చినవైతే గీతలు వేరుగా ఉంటాయని చెప్పింది.

"ఈ ఏడూ మీ రోగులవి. చూడండి, ఏడూ ఒక్కటే."

చూశాను. ఒకే మనిషికి తీసిన ఏడు ఫోటోల్లా ఉన్నాయి. ఒకరిది మేడ్చల్, ఒకరిది శామీర్‌పేట, ఒకరిది బౌరంపేట. ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు.

"ఎనిమిదో వరస మీ లోషన్ జాడీది సార్."

అదీ అదే. మెట్టుకు మెట్టు. ఏడుగురి పుండ్ల మీద రోజుకు రెండుసార్లు మేం పోసింది మందు కాదు.

"ఈ జాడీ ఎప్పుడు కడిగారు?"

"నిన్ననే. సోమవారం," అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

ఆమె నమ్మింది. "అయితే కలిపే నీళ్లలోనే ఉండాలి. ట్యాంకు చూడాలి," అని రాసుకుంది.

ఆ సాయంత్రం నేనే జాడీ ఖాళీ చేశాను. లోపల చెయ్యి పెడితే గాజు తగలలేదు. పాకుడు పట్టిన మెట్టు తగిలినట్టు మెత్తగా జారింది. గోళ్లతో గీకాను, మరగబెట్టాను, కొత్త మందు పోశాను. రుజువు మోరీలో కలిసిపోయింది.

బుధవారం ట్యాంకు శుభ్రం చేసే ఆయాను నిలబెట్టి అడిగారు. పెద్దావిడ. "నేనేం జేసిన సారూ? మొన్ననే బ్లీచింగు ఏసి తోమిన. నువ్వే జూస్తివి గదా!" అని నా వైపు తిరిగింది. చూశాను, నిజమే. ఏదో రిజిస్టరు వెతుకుతున్నట్టు అక్కడి నుంచి వచ్చేశాను.

గురువారం పొద్దున రైతును స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్నారు. ఆయన వెంట నడుస్తూ భార్య దుప్పటి పైకి లాగి ఆ పాదాన్ని కప్పుతోంది. పోయే పాదానికి చలేస్తుందని కప్పుతోంది. నేను ఆపరేషన్ గదిలోకి వెళ్లాను. సర్జన్ చేతులు కడుక్కుంటున్నాడు.

"సార్, ఆ జాడీ రెండేళ్లుగా కడగలేదు. తేదీ ఒక్కటే మార్చాను. అతను ఊళ్లో ఏమీ వాడలేదు."

ఆయన కుళాయి కట్టేశాడు. "జాడీ ఏది?"

"మంగళవారం కడిగేశాను."

"రెండేళ్ల సంగతి తర్వాత. మంగళవారం నుంచి ఇవాళ్టిదాకా నోరెందుకు విప్పలేదు?"

ఆయన స్ట్రెచర్ వెనక్కి తిప్పమన్నాడు. "మొన్నటిదాకా రోజూ మనమే పోశామన్నమాట. అది ఆగింది కాబట్టి చూద్దాం. వారం ఆగుతాను."

వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని పలచన చేసి కట్లు కట్టారు. పాత పద్ధతి. నాలుగో రోజుకు ఆకుపచ్చ తగ్గింది. పాదం నిలిచింది. కానీ చివరి రెండు వేళ్లు అప్పటికే నల్లబడిపోయాయి, వాటిని తీసేశారు. రెండు రోజుల ముందు చెప్పి ఉంటే ఆ వేళ్లు దక్కేవా అని సర్జన్‌ని అడిగాను. "తెలియదు," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

దంపతులకు చెప్పాల్సింది నువ్వేనన్నాడు. మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాను, అబద్ధంతో సహా. మొదటిసారి ఆయన్ని మీరు అన్నాను. ఆయన మోచేతుల మీద లేచాడు.

"అయితే తప్పు మాది గాదా?"

"కాదు."

"ఇన్నవా?" అని భార్య వైపు తిరిగాడు.

ఆమె నా వైపే చూస్తోంది. "గిన్ని దినాలు మా అత్త నన్ను పీక్కతిన్నది, ఏం పసరు వెట్టినవే అని. నువ్వు రాస్తివి, ఆమె నమ్మె."

"ఊకోయే. కాలైతే దక్కె గదా," అన్నాడు ఆయన.

"కాలు దక్కుడు సరే. మిగిలినోళ్లకు జెప్పినవా సారూ?"

మిగిలినవాళ్లు ఆరుగురు. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. రిజిస్టరులోంచి ఊళ్లు రాసుకుని, ఆ ఆదివారం నుంచి స్కూటర్ మీద తిరిగాను. ఐదు ఇళ్లకు వెళ్లాను. ఒక ఇంట్లో తిట్టారు. ఒక ఇంట్లో, అర్థం కాక, మజ్జిగ ఇచ్చారు. నలుగురికి పుండ్లు మానాయి, ఒకరిని మళ్లీ ఆసుపత్రికి తీసుకొచ్చాను.

ఆరో ఇల్లు బౌరంపేటలో. చెయ్యి కాలి మా దగ్గర చేరిన ముసలమ్మది. జ్వరం ఉండగానే కొడుకు తీసుకెళ్లిపోయాడు. వాకిలికి ఎదురుగా స్కూటర్ ఆపాను. అరుగు మీద కొడుకు కూర్చుని ఉన్నాడు, నున్నటి గుండుతో. అది మొక్కు గుండా, తల్లి పోయిన గుండా, అడిగితే తెలిసేది. అతను తలెత్తి ఎవరన్నట్టు చూశాడు. నేను దారి తప్పినవాడిలా అటూ ఇటూ చూసి స్కూటర్ తిప్పాను.

ఆ ఇంటికి తాళం ఉందని సర్జన్‌కి చెప్పాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి.