సీటీ కొట్టని ఆదివారం

"మా చిన్నప్పుడు..." అని మొదలుపెట్టి నిన్న నువ్వు రాసిన పోస్టు చదివాను, సుహాసినీ. బాగుంది... ఒక్క ముక్క తప్ప. మన చర్చి సంఘం సాఫ్ట్‌వేర్ ఉద్యోగస్తులతో పెరిగిందని రాశావు. కాదు. అప్పటికి నీకు పాలపళ్లు కూడా ఊడలేదు, ప్రసంగం మొదలవగానే నా ఒళ్లో నిద్రపోయేదానివి. మేలుకుని ఉన్న మీ నాయనమ్మను చెప్తున్నా విను... మన సంఘం పెరిగింది బండలు పేల్చడం వల్ల.

మన సంఘం చిన్నప్పుడు... అంటే తొంభైల చివర, మాదాపూర్‌లో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో... ఖాజాగూడ దారిలో సగం కట్టి ఆపేసిన ఒక ఇంటి కింది హాలు కిరాయికి తీసుకున్నాం. గోడలకు సున్నం లేదు, కిటికీలకు తలుపులు లేవు. పైన స్లాబు మాత్రం గట్టిది.

నేను బందరులో ఆంగ్లికన్ దొరలు కట్టిన రాతి గుడిలో పెరిగినదాన్ని. ఇక్కడా అదే ఆరాధన క్రమం, అవే కీర్తనలు. తేడా అల్లా రాయిలోనే. అక్కడ రాయి గోడల్లో ఉండేది, ఇక్కడ గాల్లో ఉండేది. ఆదివారమని కూడా చూడకుండా చుట్టూ బండలకు మందు పెట్టి పేల్చేవాళ్లు. పేల్చే ముందు మేస్త్రి ఎర్రజెండా ఊపి పొడుగ్గా ఈల వేసేవాడు. ఇక్కడివాళ్లు సీటీ అంటారు. సీటీ వినగానే దారిన పోయేవాళ్లంతా గట్టి కప్పు ఎక్కడుందా అని పరిగెత్తేవాళ్లు. దగ్గర్లో ఉన్న గట్టి కప్పు మనదే.

అలా వచ్చేవాళ్లు... ఆకుకూరల గంపతో యాదమ్మ, కంకర మోసే ఆడవాళ్లు, సైకిల్ మీద పాలు పోసేవాళ్లు, ఒకసారి రెండు మేకలు. పేలుడు అయిపోయాక ఎవరి దారిన వాళ్లు వెళ్లొచ్చు. కానీ పాట మధ్యలో లేవడం మర్యాద కాదని కూర్చునేవాళ్లు. కొన్నాళ్లకు పాట కోసమే కూర్చున్నారు.

మన ఆరాధన పుస్తకం ప్రకారం సాగుతుంది కదా... ఇక్కడ నిలబడాలి, ఇక్కడ కూర్చోవాలి, ఇక్కడ మోకరించాలి. వాళ్లకు పుస్తకం లేదు, నేనున్నాను. నేనేం చేస్తే వాళ్లూ అదే. ఓ ఆదివారం ప్రసంగం మధ్యలో నా కళ్లజోడు జారిపడితే వెతుక్కోవడానికి మోకాళ్ల మీదికి దిగాను. తలెత్తి చూద్దును కదా, వెనక రెండు వరుసలు భక్తిగా మోకరించి ఉన్నాయి. మన పాస్టరు, ఆ కుర్ర అయ్యగారు, తన ప్రసంగం అంతగా కదిలించిందనుకున్నారు. పోనీలే అని ఊరుకున్నాను.

ఇంతలో పైనుంచి మాట వచ్చింది... ఈస్టరు నాటికి సంఘం నిలబడేలా కనిపించకపోతే హాలు ఖాళీ చేసి, మళ్లీ ఊళ్లోని పెద్దగుడికే రావాలని. చూడ్డానికి బిషప్పుగారే స్వయంగా వస్తున్నారన్నారు. మీ నాన్నకు స్కూటరుంది, వాడికేం. ఈ మోకాళ్లతో రెండు బస్సులు మారి నేను పెద్దగుడి చేరేసరికి ఆశీర్వాదం కూడా అయిపోతుంది. ఈ గుడి మూస్తే నాకిక ఆదివారం లేనట్టే.

బిషప్పుగారు వచ్చే రోజుకు అయ్యగారు ఏ లోటూ రానివ్వలేదు. టెంట్‌హౌస్ నుంచి కుర్చీలు తెప్పించారు. బల్ల మీద కొత్త గుడ్డ పరిపించారు. మేస్త్రి దగ్గరికి వెళ్లి, పెద్దాయన వస్తున్నారు, ఈ ఒక్క ఆదివారం పేల్చొద్దని బతిమాలారు. మేస్త్రి మంచివాడు, సరేనన్నాడు. అందరం భేష్ అన్నాం.

ఆ ఆదివారం ఎంత నెమ్మదిగా ఉందంటే, పిచ్చుకల గోల కూడా వినిపించింది. సీటీ లేదు. పేలుడు లేదు. మనుషులూ లేరు... ముందు వరుసలో మనం, ఇంకో నాలుగు కుటుంబాలు. వెనకంతా ఖాళీ కుర్చీలు. అప్పుడు వెలిగింది మాకు, చేతులారా ఏం చేసుకున్నామో. బిషప్పుగారు కుర్చీల వైపు ఒకసారి చూసి పుస్తకం తెరిచారు. అయ్యగారి మొహం బల్ల మీది గుడ్డలా తెల్లబోయింది. నేను మొదటి కీర్తన గొంతెత్తి పాడాను... ఆ వెనక వరుసల నిశ్శబ్దం నాకు వినపడకుండా.

తర్వాత పాపాల ఒప్పుకోలుకు మోకరించాం. గుమ్మంలో గంప దించిన చప్పుడైంది. యాదమ్మ. ఆమె వెనక మిగతా అందరూ, చెప్పులు విడుస్తూ.

"ఏందమ్మా, ఇయ్యాల సీటీ కొట్టలే?" నన్నే నిలదీసింది. "పార్థన లేదనుకున్నం. పాట ఇనవడితె ఉర్కొచ్చినం. ఇంత పెద్దాయన వస్తుండని జర చెప్పొద్దా?"

సీటీ ఏమిటమ్మా అని బిషప్పుగారు నన్నడిగారు. మోకాళ్ల మీదుండి అబద్ధం ఆడలేను కదా.

"బండలు పేల్చే ముందు వేసే ఈలండి. ఇన్నాళ్లూ మా గుడికి అదే గంట."

ఆయన నవ్వలేదు. వాళ్లందరూ సర్దుకునేదాకా ఆగి, ఒప్పుకోలు మళ్లీ మొదటినుంచి చెప్పించారు. ఆ రోజు నెత్తిన పడే రాయి ఒక్కటీ లేదు... అయినా వచ్చారు.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర అయ్యగారితో అన్నారు, "పక్కవాళ్ల ఈల మీద ఎన్నాళ్లు నడుపుతారయ్యా? మీకంటూ ఒక గంట కట్టించుకోండి."

మూసేయబోయే గుడికి గంట కట్టించమని ఎవరూ అనరు. పెద్దగుడి మాట మళ్లీ ఎత్తినవాళ్లు లేరు. నువ్వు రాసిన సాఫ్ట్‌వేర్ వాళ్లూ వచ్చారులే... ఫ్యాన్లు తిరగడం మొదలయ్యాక.

యాదమ్మ బాప్తిస్మం తీసుకోలేదు. ఏటా బోనం ఎత్తడం మానలేదు, ఆదివారం రావడమూ మానలేదు. ఆమెను బిషప్పుగారు ఏ లెక్కలో వేసుకున్నారో నేనడగలేదు.

ఇప్పుడు ఆ బండలు లేవు. వాటి చోట మెడ పట్టేసేంత ఎత్తు టవర్లు. మన గంట ఆ అద్దాలు దాటి లోపలికి పోదు. ఎవరూ ఎవరి కప్పు కిందికీ పరిగెత్తాల్సిన పని లేదు... అందుకేనేమో, పక్క కుర్చీలో కూర్చున్న మనిషి పేరు కూడా తెలియదు. ఇది చదువుతున్న మిగతావాళ్లనూ అడుగుతున్నా, మిమ్మల్ని నలుగురితో ఒకచోట చేర్చిన చప్పుడు మీ వీధిలో ఏదైనా ఉండేదా... ఉంటే కింద రాయండి. చదవడానికి నాకు బోలెడు తీరిక.

సుహాసినీ, నీకు వేరే పని ఉంది. గంట తాడు పీచులు లేచింది. శనివారం కోకాపేటలో కూతురింట్లో ఉన్న యాదమ్మను కారెక్కించుకుని బేగంబజారు వెళ్లు. నూలు తాడు కావాలి, బొటనవేలంత లావు. నైలాన్‌ది తెస్తే వెనక్కి పంపిస్తాను. బేరం ఆమెకు వదిలెయ్, నీకు చేతకాదు. ఆ రాత్రికి ఆమెను మనింట్లోనే ఉంచు... పొద్దున్నే కొత్త తాడు మొదట లాగేది ఆమే.