నూటపదహారు సెకన్లు

సాయంత్రం ఆరుంబావుకి, నాతో పనిచేసే సూరిబాబు టీ గ్లాసు కడిగి బోర్లించాడు. అక్కడినుంచి జరిగింది జరిగినట్టే చెబుతాను. ఒక్క మాట కల్పించినా నన్ను నమ్మకండి.

పాడేరులో ఒక అద్దె గదిలో మా హబ్ ఉండేది. చుట్టుపక్కల మండలాల ఆఫీసుల లైన్లన్నీ అక్కడికే వచ్చేవి. సెల్‌ఫోన్లు ఇంకా కొండెక్కని రోజులు. ప్రతి ఆఫీసులోని రౌటరూ పది సెకన్లకోసారి మా రౌటరుకి ‘హలో’ పంపుతుంది. నలభై సెకన్లు హలో రాకపోతే అది చచ్చినట్టు లెక్క. వానలకి హుకుంపేట లైను ఊరికే చచ్చి బతుకుతోంది. ఆ గడువు పెంచాలి. రెండు చివర్లా ఒకే అంకె ఉండాలి, లేకపోతే ఒకదాన్నొకటి గుర్తించవు. లైను నిలకడగా లేదు కనక అక్కడికి మనిషి వెళ్ళి మార్చాల్సిందే.

“నూట ఇరవై పెడదాం అన్నా,” అన్నాను.

“నూటిరవై ఏటి బాబూ? నూటపదార్లు పెట్టీ. రౌటరుకి పెళ్ళి సదివింపులు!” అని నవ్వి సూరిబాబు బండి తీశాడు. రాత్రికి అక్కడే పడుకుని పొద్దున్నే రావాలి. వాన పడుతోంది. రేపు వెళ్ళమని నేను అనలేదు.

నా వైపు నూటపదహారు కొట్టాను. హుకుంపేట పోయింది. ఇక ఆయన చేరి అదే అంకె కొడితేనే తిరిగి వస్తుంది. ఆ అంకె మా ఇద్దరికే తెలుసు.

ఏడున్నర... రేకుల మీద వాన. యూపీఎస్ బీప్... బీప్...

ఏడూ యాభై రెండుకి తెర మీద ఒక వరుస కదిలింది. హుకుంపేట.

దాని పక్కన గడువు... నూటపదహారు... నూటపదిహేను... నూటపద్నాలుగు... నూటఏడు దాకా దిగింది. హలో వచ్చింది. మళ్ళీ నూటపదహారు.

వెనక వాటాలోంచి ఆయన భార్య నరసమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

“సేరాడేటి బాబూ?”

“చేరాడు వదినా. ఇదిగో, లైను వచ్చింది.”

“ఆ గీతలు నాకేటి తెలుస్తాయి! నువ్వంటే సాలు. ఆకలి దంచేస్తంది. నాను తినీసి తొంగుంటాను.”

పొద్దున్న అడవిలో అడ్డాకులు కోసుకోవడానికి వెళ్ళేవాళ్ళు సూరిబాబుని చూశారు. హుకుంపేట ఇంకా దూరం ఉండగానే... కల్వర్టు కింద. బండి కాళ్ళ మీద. ఆఫీసు తాళంచెవి జేబులో. సంచిలో కేబులు చుట్టింది చుట్టినట్టే ఉంది.

తెల్లవారుజాము దాకా ప్రాణం ఉందన్నాడు డాక్టరు.

ఆ తాళంచెవితోనే హుకుంపేట ఆఫీసు తెరిచాం. నేల పొడిగా ఉంది. బురద అడుగు ఒక్కటీ లేదు. రౌటరుకి నా కేబులు తగిలించి చూశాను. నూటపదహారు. లైను మీద మార్చింది కాదు... ఆ గదిలో, దాని ఎదురుగా కూర్చుని కొట్టినట్టు నమోదై ఉంది.

అంతకుముందెప్పుడో ఆయనే కొట్టి ఉంటాడా... కాదు. ఆ అంకె పుట్టిందే ఆ సాయంత్రం.

ఆ లైను రాకపోయి ఉంటే ఎనిమిదింటికల్లా జీపు తీసుకుని వెతకడానికి వెళ్ళేవాళ్ళం. ఆయన అప్పటికి బతికే ఉన్నాడు. ఎవరు కొట్టారు... ఎందుకు కొట్టారు... నాకు ఈనాటికీ తెలియదు.

నరసమ్మ వదిన రాత్రిపూట అన్నం తినడం మానేసింది.