తెర మీద బొట్టు

తల్లాడలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆవిడ దుమ్ముగూడెం వెళ్తోంది. నేను ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ప్రోగ్రాము రాసుకుంటున్నాను. కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యాక, పొద్దుటి నుంచి చేసిన పనంతా తప్పు పైథాన్‌లో నడిపానని తెలిసి తల కొట్టుకున్నాను.

"ఏంది తమ్మీ, ఏమైంది?" అందావిడ.

నా కంప్యూటర్లో ప్రోగ్రాములు నడిపే పైథాన్ అనే సాఫ్ట్‌వేర్ పాతదొకటి, కొత్తదొకటి ఉన్నాయనీ, రెండూ చూడ్డానికి ఒకేలా ఉండి ఏది తెరిచానో మర్చిపోతుంటాననీ చెప్పాను.

"ఒకటి తీసెయ్యరాదు?"

"రెండూ కావాలక్కా. పాత ప్రోగ్రాములు పాతదాంట్లోనే నడుస్తాయి."

"మా ఇంట్ల ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా గిట్లనే ఒక్క తీరుగుంటయ్. చక్కెరదానికి బొట్టు పెట్టిన," అంటూ సంచిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. ఎర్రదొకటి ఒలిచి నా తెర అంచుకు అంటించింది. "పాతదాన్ల ఉన్నంతసేపు ఈడ ఉంచు. అయినంక తీసి పక్కకు పెట్టు. అద్దానికి అంటిస్తం గద, గట్ల."

ఇలాంటి పొరపాట్లు జరక్కుండా కంప్యూటర్లోనే బోలెడు ఏర్పాట్లున్నాయి. అవేవీ ఆవిడకు చెప్పబుద్ధి కాలేదు.

ఇంటికెళ్లాక మా ఆవిడ లాప్‌టాప్ తెరిచి, "ఈ బొట్టెవరిది?" అని నిలదీసింది. జరిగిందంతా చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

కొన్నాళ్లకు జిగురు పోయి ఆ బిళ్ల రాలిపోయింది. మర్నాడు చూస్తే అదే చోట కొత్తది మెరుస్తోంది. టీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. చక్కెర డబ్బాకూ ఒకటుంది.