ఎడమ ఏడు, కుడి ఎనిమిది

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకి రావలసిన నాలుక కూడా నాకే వచ్చిందని మా అక్క దెప్పుతుంది. అందుకే మా వ్యాపారంలో బూట్లు బావవి, మాటలు నావి. ముందుగదిలో ఆయన తోలు కోసి, కుట్టి, అడుగు అతికించి, మడమ కింద తన ముద్ర కొడతాడు. వెనకగదిలో నేను ఫొటోలు తీసి ఆన్‌లైన్ అంగట్లో పెడతాను, ఆర్డరు రాగానే డబ్బాలో సర్ది పంపిస్తాను.

అంతకుముందు ఆయన చాలా ఏళ్ళు ఒక యజమాని దగ్గర పనిచేశాడు. కుట్టేది ఈయన, ముద్ర మాత్రం ఆయనది. ఒకరోజు ఆ మహానుభావుడు నలుగురి ముందు, "నా ముద్ర లేకపోతే నీ బూట్లు కుక్క కూడా కొరకదు" అన్నాడట. బావ సూదులూ సుత్తీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు. చచ్చినా మళ్ళీ ఆ గుమ్మం తొక్కనన్నాడు. మా దుకాణం మూతపడితే ఆయనకి ఆ గుమ్మం తప్ప ఇంకో దిక్కు లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనం.

రిటర్నుల బాధ అమ్మేవాడినెవణ్ణైనా అడగండి, ఏడుస్తాడు. వేసుకుని ఊరంతా తిరిగి, అడుగున మట్టితో సహా వెనక్కి పంపి "నచ్చలేదు" అంటారు. మా కొత్త డబ్బాలో తన పాత బూట్లు పెట్టి పంపిన ఘనుడూ ఉన్నాడు. అంగడివాళ్ళకి కొనేవాడు దేవుడు. మనం ఎంత మొత్తుకున్నా గోడకి చెప్పుకున్నట్టే. పైగా తప్పు మనదేనని వాళ్ళు తేల్చారంటే మన ఖాతా మీద ఒక మచ్చ పడుతుంది. మూడో మచ్చ పడిందా, దుకాణం ఎత్తేస్తారు.

మొదటి మచ్చ పెట్టినవాడు ఒకే రకం నల్లబూట్లు రెండు జతలు తెప్పించుకున్నాడు, ఏడో సైజు ఒకటి, ఎనిమిదో సైజు ఒకటి. కొన్నాళ్ళకే ఒక జత తిరిగొచ్చింది. "తప్పు సరుకు. రెండు కాళ్ళకీ రెండు సైజులు" అని కారణం రాశాడు. విప్పి చూస్తే నిజమే. ఎడమది ఎనిమిది, కుడిది ఏడు.

"సర్దేటప్పుడు కళ్ళు ఫోన్లో పెట్టుకుంటే ఇలాగే తగలడుతుంది" అని అక్క నన్ను కడిగేసింది. నేనూ నాదే తప్పనుకుని నోరు మూసుకున్నాను. రెండు జతలు కలిసిపోతే రెండోది కూడా తేడాగానే ఉండాలి కదా, అదెందుకు పంపలేదన్న ఆలోచన నా మట్టిబుర్రకి తట్టలేదు.

చలికాలంలో అదే మనిషి మళ్ళీ గోధుమరంగువి రెండు జతలు తెప్పించాడు. ఈసారి సర్దడమంతా వీడియో తీశాను. మళ్ళీ ఒక జత వెనక్కి వచ్చింది. ఎడమ ఎనిమిది, కుడి ఏడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వీడియో పంపించి పోట్లాడాను. "వీడియోలో సైజు అంకె స్పష్టంగా లేదు, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని జవాబు, రెండో మచ్చ. వాళ్ళ చింత తగలెయ్య!

బావ మాత్రం తిరిగొచ్చిన రెండు జతలూ బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒరేయ్, వీడి ఎడమకాలు చిన్నదిరా. ఎడమ ఏడు, కుడి ఎనిమిది ఉంచుకుని, మిగిలినవి మనకి పంపుతున్నాడు."

"అయితే దొంగే కదా బావా!"

"దొంగో దొరో, పాపం ఎప్పుడూ సరైన జత కొనుక్కుని ఉండడు. అడిగితే కుట్టి ఇచ్చేవాణ్ణే కదా."

"నీ జాలి చల్లగుండ! వాడు మన కొంప ముంచుతుంటే నువ్వు వాడి కాళ్ళు కొలుస్తున్నావా?"

ఆ రోజు నుంచి వాడికి 'ఎనిమిదేడు గారు' అని పేరు పెట్టాను. అక్క కూడా నవ్వింది. ఎనిమిదేడు గారు మూడోసారి ఆర్డరు పెట్టేసరికి మా నవ్వు ఆగిపోయింది. మళ్ళీ రెండు జతలు, మళ్ళీ ఏడూ ఎనిమిదీ. కాదని ఆర్డరు తీసేస్తే అదీ మచ్చే. పంపితే సరేసరి.

ఒక్కో బూటు మీది అంకె దగ్గరగా చూపిస్తూ వీడియో తీద్దామని నేనన్నాను. ఫోను ఇంట్లోనే పెట్టి అట్టడబ్బాలు కొనడానికి వెళ్ళాను. వచ్చేసరికి బావ మొహం వెలిగిపోతోంది. నోటితో చెబితే ఫోనే రాసుకుంటుందని ఎప్పుడో నేనే నేర్పాను. ఆ మనిషికి తనే కబురు పెట్టాడు:

"అయ్యా, మీ ఎడమకాలు చిన్నదని నాకు తెలిసింది. రెండు జతలు కొని తిప్పలు పడకండి. మీ కాళ్ళకి సరిపడే జత ఒకటి కుట్టి పంపుతాను, ఒక జత డబ్బే ఇవ్వండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, మీలాంటివాళ్ళు చాలామంది ఉంటారు."

"ఎంత పని చేశావు బావా" అన్నాను.

"ఏం, తప్పేం రాశాను? మర్యాదగానే రాశాను కదా" అన్నాడాయన, అప్పటికే ఎడమకి ఏడు, కుడికి ఎనిమిది తోలు కోసేస్తూ.

మర్నాడు ఫోనులో మా దుకాణం తెరుచుకోలేదు. మూడో మచ్చ పడింది కాబట్టి ఖాతా శాశ్వతంగా మూసేశామని అంగడివాళ్ళు రాశారు. కింద ఆ మనిషి ఫిర్యాదు కూడా ఉంది. బావ చదవమంటే చదివాను.

"అమ్మకందారు నా శరీరలోపాన్ని ఎత్తిచూపి అవమానించాడు. ఈ సంగతి నేను మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి ఎడమ బూటులో అట్టముక్కలు పెట్టుకుని దాచుకుంటూ వచ్చాను. ఇతనికెలా తెలిసింది? ఇంకెవరెవరికి చెప్పాడు?"

నేను ఇల్లు అదిరేలా తిట్టాను. రెండుసార్లు మనల్ని దోచినవాడికి అవమానమా, మరి మన సంగతేమిటి, వాడెక్కడున్నా వెతికి గల్లా పట్టుకుంటానన్నాను. వాడి మీద కోపం చాలక బావ మీదా అరిచాను. అక్క పొయ్యి ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంది. బావ కోసిన తోలు ముక్కల్ని పక్కకి జరిపి అలా కూర్చుండిపోయాడు.

సోమవారం పొద్దున్నే సూదులూ సుత్తీ మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. పాత యజమాని రమ్మన్నాడు, జీతం మాత్రం తగ్గించాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్, ఆ మనిషికి ఒక్క ముక్క రాయరా. నేనెవరికీ చెప్పలేదని. తెలియక రాశాను, సారీ అని."

"ఖాతా లేదు కదా బావా. చిరునామాలు కూడా దాంతోనే పోయాయి. మనం ఎవరికీ ఏమీ పంపలేం."

"సారీ కూడానా?"

"సారీ కూడా."

ఆయన సంచి భుజానికి తగిలించుకుని పనికి వెళ్ళిపోయాడు.