మెల్లగక్క దించిన డబుల్ బేస్

ఆ విమానాశ్రయంలో ఏ సామాను పగిలినా ఆ షిఫ్టులో ఉన్న లోడరే దోషి. అది అంతకుముందు ఎన్ని చేతులు మారిందో, ఎక్కించేటప్పుడే చితికిందేమో ఎవరూ అడగరు. "వారం రోజులు ఇంట్లో కూర్చో" అంటాడు సూపర్‌వైజర్. ఆ వారం జీతం ఉండదు. అక్కడ సామాను ఎక్కించి దించే లోడరు మెల్లగక్క అలా రెండుసార్లు ఇంట్లో కూర్చుంది. ఒకసారి పెట్టెలో అద్దం, ఇంకోసారి పసిపిల్లల తోపుడుబండి చక్రం. రెండూ ఆమె ముట్టుకోకముందే విరిగి వచ్చినవే. అయినా నోరు మెదపలేదు. మాట్లాడితే కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటాడని భయం. మూడోసారి పేరెక్కితే బ్యాడ్జీ లాగేసుకుంటారన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు.

ఆమె అసలు పేరు బ్యాడ్జీ మీద తప్ప ఎక్కడా వినపడదు. పెట్టె ఎత్తిన ప్రతిసారీ పక్కవాళ్లతో "మెల్లగా, మెల్లగా" అంటుంది కనుక మెల్లగక్క అయిపోయింది. ఇంట్లో అత్తగారు మాత్రం ఈ పేరు ఒప్పుకోదు.

"ఊళ్లోవాళ్ల పెట్టెలకేమో మెల్లగానా! నా కాఫీ గ్లాసు దగ్గరికొచ్చేసరికి టపీమని పెడుతుంది మహాతల్లి!"

"మీది స్టీలు గ్లాసు అత్తయ్యా, పగలదు."

"గ్లాసు సంగతి ఎవరడిగారే, నా గుండె సంగతి చెప్తున్నా!"

ఆ రోజు వాన వెలిశాక ఒక విమానం దిగింది. సామాను బండి నడిపే అతన్ని అక్కడందరూ బావ అంటారు. విమానం పొట్ట తలుపు తీయగానే బావ లోపలికి తొంగిచూసి కేకపెట్టాడు.

"అక్కా, లోపలెవరో పడుకున్నారే!"

పడుకున్నది మనిషి కాదు, మనిషికన్నా పొడుగైన నల్లటి పెట్టె. పైన సన్నం, కింద వెడల్పు.

"డబుల్ బేస్ అంట, చీటీ మీదుంది. వయొలిన్‌కి ముత్తాతలాంటిది. నిలబడి వాయిస్తారు" అన్నాడు బావ.

"అచ్చం నీలాగే ఉంది బావా, పైన సన్నం, కింద లావు."

"నన్నెవరూ వాయించక్కర్లేదులే అక్కా, ఆకలేస్తే నేనే మోగుతా."

సామాను కిందికి దించే బెల్టు మీద పెడితే చివర్లో తల నేలకు కొట్టుకుంటుంది. మెల్లగక్క ఒప్పుకోలేదు. పక్క విమానం దగ్గర్నుంచి ఇంకో ఇద్దర్ని పిలిచింది. ఆలస్యమవుతోందని రేడియోలో సూపర్‌వైజర్ తిట్లు మొదలుపెట్టాడు. ఆమె రేడియో గొంతు తగ్గించి, తన వానకోటు మడిచి బండి మీద పరిచింది. నలుగురూ ఆ పెట్టెను చేతుల మీద దించి, దాని మీద పడుకోబెట్టారు. తలెత్తి చూస్తే విమానం ఖాళీ అయినా ఒక కిటికీకి ముక్కు ఆనించుకుని ఒక ముసలాయన ఇంకా కూర్చునే ఉన్నాడు.

కాసేపటికి పెద్ద సామాన్ల గదికి రమ్మని కబురొచ్చింది. వెళ్లేసరికి ఆ ముసలాయన నేల మీద మోకరిల్లి ఉన్నాడు. పెట్టె తెరిచి ఉంది. తీగలను ఎత్తిపట్టే చెక్క పక్కకు పడిపోయింది. వాద్యం పొట్ట మీద వేలెడు పగులు. కొంచెం కదిపితే లోపల ఏదో గలగలమంటోంది.

"దించింది ఈవిడే సార్" అన్నాడు సూపర్‌వైజర్. ఫిర్యాదు కాగితం అప్పటికే నింపేశాడు. "మీరు సంతకం పెట్టండి. రిపేరు ఖర్చు మేమిస్తాం, ఈవిడ సంగతి మేం చూసుకుంటాం."

మెల్లగక్క చెయ్యి దానంతటదే బ్యాడ్జీ మీదికి వెళ్లింది.

ముసలాయన పెట్టె నాలుగు మూలలూ తడిమి చూశాడు. ఎక్కడా గీత లేదు. ఫోన్ లైటు వేసి వాద్యం లోపలికి చూశాడు. తర్వాత తీగలు పట్టుకున్నాడు. బట్టలారేసే తాళ్లలా వేలాడుతున్నాయి. అలాగే నేల మీద చతికిలబడ్డాడు.

"ఇది నేను చేసుకున్నదే."

"అదేంటి సార్?" అన్నాడు సూపర్‌వైజర్.

"లోపల గుంజలాగా ఒక చిన్న కర్ర నిలబడి ఉంటుంది బాబూ. దానికి జిగురుండదు, తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. పైనున్న చెక్కకూ అంతే. ఎప్పుడూ తీగలు కొంచెమే వదులు చేసేవాణ్ని. ఈసారి పైన గాలి ఒత్తిడికి ఏమవుతుందోనని భయపడి మొత్తం వదిలేశాను. రెండూ పడిపోయాయి, ఆ చెక్క పడిన దెబ్బకే పొట్ట పగిలింది. ఇంత వయసొచ్చి, నేర్చుకునే పిల్లలు చేసే పని చేశాను."

సూపర్‌వైజర్ గొంతు తగ్గించాడు. "పోనీలెండి సార్. సంతకం పెడితే డబ్బులొస్తాయి కదా, మీకేం నష్టం?"

"నాకేం నష్టం లేదు. ఈ అమ్మ పొయ్యి ఆరిపోతుంది. నేను కిటికీలోంచి అంతా చూశానయ్యా. నా మనవరాలికి నీళ్లు పోసి ఎత్తుకునేటప్పుడు కూడా నేనంత జాగ్రత్తగా పట్టుకోను." ఆ కాగితం వెనక్కి తిప్పి, తప్పు తనదేననీ, ఈ వాద్యం ఇంత శ్రద్ధగా దిగడం తానెప్పుడూ చూడలేదనీ రాసి, దాని కింద సంతకం పెట్టాడు. ఖర్చు తన నెత్తినే వేసుకున్నాడు.

మెల్లగక్క చేతులు జోడించబోయింది. ఆయన ఆపేశాడు. "నాకెందుకమ్మా దండం? నేనే నీకు పెట్టాలి. నువ్వు కూడా విసిరేసి ఉంటే ఇది కట్టెలపాలే."

ఆ సాయంత్రం అత్తగారికి ఈ కథంతా చెప్తూ ఆమె ఏడ్చింది. "ఉద్యోగం మిగిలిందిగా, ఇంకెందుకే ఏడుపు?" అంది అత్తగారు, తన కొంగుతోనే కోడలి కళ్లు తుడుస్తూ. "నేను చేసే పని ఒకాయన చూశాడు అత్తయ్యా" అంది మెల్లగక్క. ఇప్పటికీ ఆ మాటే చెప్తుంది. ఆయన పేరు కూడా తెలియదు. రిపేరు బాగా కుదరాలని మాత్రం మనసులో కోరుకుంటూనే ఉంటుంది.

అలాంటి పెద్దమనిషి ప్రతి విమానంలోనూ ఉండడు. అందుకే మీ పెట్టె పగిలి వచ్చినప్పుడు, మీ ముందు కాగితం పెట్టినప్పుడు, సంతకానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఎక్కడ పగిలిందో చూశారా? చూడకపోతే, విచారణ లేకుండా ఏ లోడర్‌నూ ఇంటికి పంపొద్దని మీ చేత్తోనే దాని మీద రాయండి. పరిహారం మీ హక్కు, తీసుకోండి. మోసిన మనిషి కూలి మాత్రం అందులో కలవకుండా చూడండి.