మైకు ముందు సలోమి, వెనక బెంచీలో నేను

చర్చిలో నోరు విప్పకుండానే పరువు పోగొట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. మణుగూరులో ఒక క్రిస్మస్ పొద్దున నేను సాధించాను.

అప్పట్లో నేను బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడిలో టీచర్ని. కొరుకుడు పడని పాఠాలను ఆ పిల్లలు సొంతంగా చదువుకునేలా చిన్న చిన్న మాటల్లో తిరగరాయడం నా పని. సాయంత్రానికి బుర్ర పిండేసిన నిమ్మచెక్కలా ఉండేది. ఇది ఫిర్యాదు కాదండీ, జరగబోయేదానికి ముందస్తు సాకు.

మా బడిలో చదివే సలోమికి పదహారేళ్లు. ఆ యేడు పండగనాడు చర్చిలో బైబిలు వాక్యభాగం తనే చదువుతానని పట్టుబట్టింది. వాళ్ల నాన్న ఏసోబు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన వెళ్లి అడిగితే పాస్టరుగారు మొహం చిట్లించారట.

"నడుమల ఆగిపోతే ఎట్ల ఏసోబూ? సరే, ఈ ఒక్కసారి చూద్దాం."

ఏసోబు నా దగ్గరికొచ్చి కూలబడ్డాడు. "ఇగ మీదే భారం టీచరమ్మా. జనం నవ్విన్రంటే అది మల్ల చర్చి గడప తొక్కదు."

గొర్రెల కాపరుల కథను తేలిక మాటల్లో, పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను. "రాసింది రాసినట్టు చదువు, ఒక్క ముక్క వదలొద్దు" అని నోరు నొప్పిపుట్టేదాకా చెప్పాను. సలోమి వదల్లేదు గానీ, అంతా ఒక్క గుక్కలో లాగేసి రొప్పేది. అందుకని పండగ పొద్దున నిద్రకళ్లతో మళ్లీ రాస్తూ, మధ్యమధ్య ఎక్కడ ఆగాలో రాసి, కాస్త ధైర్యం కూడా కలిపాను. కథకీ అవే అక్షరాలు, ధైర్యానికీ అవే అక్షరాలు. చదివించి చూసే తీరిక లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, చెయ్యే ఊరుకోదు.

సలోమి మైకు అందుకుంది.

"కాపరులు రాత్రి గొర్రెలు కాస్తున్నారు. వెలుగు వచ్చింది. ఇక్కడ ఆగు. గట్టిగా ఊపిరి పీల్చు."

చర్చంతా బుద్ధిగా పీల్చింది. నాది మాత్రం ఆగిపోయింది, తర్వాత ఏముందో నాకు తెలుసు కాబట్టి.

"కాపరులు భయపడ్డారు. నువ్వు భయపడకు. పాస్టరుగారి వైపు చూడకు. ఆయన మొహమే అంత."

ఎక్కడో ఒక కిసుక్కు. ఏసోబు తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సలోమి మాత్రం వేలు కింది వరసకు జరిపింది.

"ఎవరైనా నవ్వితే నువ్వూ నవ్వు."

నవ్వింది, మైకులో, హాయిగా. దాంతో చర్చి మొత్తం ఆమెతో కలిసి నవ్వింది. పాస్టరుగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నవ్వులు సద్దుమణిగాక సలోమి మిగతాదంతా తడబడకుండా చదివి, "అయిపోయింది. పోయి కూర్చో" అని కూడా చదివి, పోయి కూర్చుంది.

ఆరాధన అయ్యాక మెల్లగా అడిగాను. "అవన్నీ నీకోసం రాసినయి గదా, పైకెందుకు చదివినవ్?"

"ఒక్క ముక్క వదలొద్దని మీరే అన్నరు గదా టీచర్."

అంతలో వెనకనుంచి పాస్టరుగారి గొంతు. "వచ్చే యేడు గూడ సలోమే చదువుతది టీచరమ్మా. కాగితం మాత్రం ముందుగాల నాకు చూపెట్టుండ్రి."

అక్కడే, చెప్పులేసుకుంటూ, ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ కాగితం మీదా, ఏ పాస్టరుగారి మొహం గురించీ, ఎంత నిజమైనా సరే, రాయను.